పాత రీలుతో గాలం విసరడం

ప్రశ్న: మా మామయ్యగారిచ్చిన పాత పెన్ కంపెనీ రీలుతో (గాలపు దారం చుట్టే సాధనంతో) తూపిలిపాలెం తీరంలో గాలం విసిరితే, ప్రతిసారీ దారం చిక్కుపడుతోంది. దీనికి ఉపాయం చెప్పగలరా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: విసిరిన సీసపు గుండు గాలిలో వేగం కోల్పోతున్నా, స్పూలు (రీలులో దారం చుట్టి ఉండే చక్రం) మాత్రం అదే వేగంతో తిరుగుతూ అవసరానికి మించి దారాన్ని వదలడమే ఈ చిక్కుకు కారణం. 1932లో ఫిలడెల్ఫియాలో మొదలైన పెన్ సంస్థ పాత రీళ్లలో చాలావాటికి అయస్కాంతపు బ్రేకు ఉండదు కనుక, ఆ పని మీ బొటనవేలే చేయాలి. గుండు వెళ్తున్నంతసేపూ వేలిని దారంపై తేలికగా తాకిస్తూ ఉండి, అది నీటిని తాకే క్షణంలో స్పూలును పూర్తిగా ఆపండి. వేలు కాలకుండా తోలు తొడుగు వేసుకోవడం మంచిది.

మొదట సముద్రానికి వెళ్లవద్దు. మనుషులు, పశువులు లేని విశాలమైన మైదానంలో, దారానికి కొక్కెం కట్టకుండా, సుమారు 120 గ్రాముల గుండుతో సాధన చేయండి. తేలికపాటి గుండుతో నేర్చుకోవడం కష్టం. గాలపు కర్రను ఒక్కసారిగా విదిలించకుండా, నెమ్మదిగా మొదలుపెట్టి క్రమంగా వేగం పెంచాలి; నా అభిప్రాయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నైలాన్ దారాన్ని స్పూలు అంచుకు మూడు మిల్లీమీటర్లు తక్కువగా, వేలితో అటూ ఇటూ సమంగా పరుస్తూ చుట్టండి. ఎదురుగాలి వీచే రోజున దూరం ఆశించకుండా, వేలి ఒత్తిడిని కొంచెం పెంచండి.