బ్రష్‌లో ఎంత రంగు ఉండాలి?

ప్రశ్న: నమస్తే అండి. స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటం మొదలయ్యాక ఆ ఆటలో వాడే చిన్న బొమ్మలకి రంగులు వేయడం అలవాటైంది. నీళ్లు కలిపితే రంగు ముఖమంతా పారిపోతుంది, కలపకపోతే బ్రష్ కొసలోనే ఎండిపోతుంది. మూడు సున్నాల (000 నంబరు) సన్నటి బ్రష్ కొన్నా కళ్లు వేయలేకపోతున్నాను. చెయ్యి వణకడం వల్లేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చెయ్యి సంగతి తర్వాత చూద్దాం. నీళ్లు కలపడం మాత్రం మానొద్దు. పల్చటి రంగులో ముంచిన బ్రష్ పొట్ట నిండా తడి ఉంటుంది, కొస బొమ్మకి తగలగానే అదంతా ఒక్కసారిగా దిగిపోతుంది, మీ ముఖాలు పాడవుతున్నది అందుకే. ముంచాక నేరుగా బొమ్మ దగ్గరకి వెళ్లకుండా, బ్రష్‌ని పక్కకి వాల్చి టిష్యూ మీద తిప్పుతూ ఒకసారి లాగండి. అదనపు తడి టిష్యూ పీల్చేస్తుంది, వెంట్రుకలు దగ్గరపడి మొన తేలుతుంది. తర్వాత బొటనవేలి గోరు మీద ఒక గీత గీయండి. అంచులు పాకకుండా నిలిస్తే బొమ్మ మీదకి వెళ్లొచ్చు. చెమ్మ పాకితే మళ్లీ టిష్యూ. గీత తెగిపోతుంటే రంగులో ఇంకాస్త నీరు. విసుగనిపించినా ముంచిన ప్రతిసారీ చేయాల్సిందే.

ముంచడం కూడా కుచ్చులో సగం వరకే. వెంట్రుకల్ని పట్టి ఉంచే లోహపు గొట్టంలోకి రంగు ఎక్కితే అక్కడే గట్టిపడి కొస రెండుగా చీలిపోతుంది.

మూడు సున్నాల బ్రష్ మాత్రం పక్కన పెట్టేయండి. అంత చిన్న కుచ్చు పట్టే రంగు పాలెట్ (రంగులు పెట్టుకునే పలక) నుంచి బొమ్మ దాకా వచ్చేలోపే ఆరిపోతుంది, అందులోనూ మీ బెజవాడ ఎండల్లో ఫ్యాను కింద కూర్చుంటే ఇక చెప్పక్కర్లేదు. మొన బాగున్న 1వ నంబరు తీసుకోండి, పొట్టలో తడి ఉంటుంది కాబట్టి కొస తొందరగా ఆరదు, కన్ను వేసేది ఎలాగూ కొసే కదా. చాలామంది మెచ్చే విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ సిరీస్ 7 బ్రష్ కూడా 1866లో విక్టోరియా రాణి వాటర్‌కలర్ కోసం చేయించుకున్న రకమే. ఖరీదెక్కువ, సింథటిక్ వెంట్రుకల బ్రష్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు గానీ దాని కొస కొన్నాళ్లకి వంగిపోతుంది.

పాలెట్ కూడా మార్చండి. మూత ఉన్న డబ్బాలో తడిపిన టిష్యూ మడతలు పరిచి, పైన బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ కాగితం వేసి దాని మీద రంగు పెట్టుకుంటే గంటల తరబడి ఎండదు. మైనం పూసిన కాగితం వద్దు, అది నీటిని పైకి రానివ్వదు.

ఇక కళ్లు. ముఖం పూర్తయ్యేదాకా ఆగకుండా ముందే వేసేసి, చుట్టూ చర్మం రంగుతో సరిదిద్దుకోండి. మోచేతులు బల్ల మీద పెట్టి, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనిస్తే వణుకు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: బొమ్మ మీద వాష్ (గుంటల్లోకి పారేలా వేసే పల్చటి రంగు) వేశాక ఆరినచోట టీ మరకల్లాంటి వలయాలు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చదునైన చోట వాష్ మడుగు కడుతోందన్నమాట. తడిగా ఉండగానే, శుభ్రం చేసి పిండిన బ్రష్ కొసని ఆ మడుగుకి ఆనించండి, అదే పీల్చుకుంటుంది. సగం ఆరాక మాత్రం ముట్టుకోవద్దు, వలయాలు ఇంకా ముదురుతాయి. పూర్తిగా ఆరనిచ్చి, కింద వేసిన రంగునే పల్చగా పైన ఇంకోసారి వేయండి.