పక్క మీద గడిపే వేళ తగ్గిస్తే నిద్ర నిలుస్తుంది

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మాకు రొయ్యల గుంటలున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందన్న భయంతో ఏళ్ల తరబడి గట్టు మీద షెడ్డులోనే పడుకుని, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకునేవాణ్ణి. గుంటలు కౌలుకిచ్చి ఆరు నెలలైనా రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. ఆ లోటు తీరుతుందని తొమ్మిదింటికే పక్క ఎక్కి, ఉదయం ఆరున్నర దాకా దొర్లుతున్నాను. మొత్తం మీద ఆరు గంటలు కూడా నిద్ర ఉండదు. మాత్రలు వాడటం ఇష్టం లేదు. గసగసాల పాలు తాగమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: లోటు తీర్చుకోవడానికి మీరు చేస్తున్న పనే మీ నిద్రను పలచన చేస్తోంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. ఆ ఒత్తిడి చాలినంత పెరగకముందే తొమ్మిదింటికి పడుకుంటే, ఉన్న ఆరు గంటల నిద్రే తొమ్మిదిన్నర గంటల మీద పరుచుకుని మధ్యలో చిరుగుతుంది. దానికి తోడు, రెండింటికి లేచి ఏరియేటర్ల చప్పుడు వినడానికి అలవాటుపడిన శరీరానికి పక్క అంటేనే కాపలా చోటుగా మారింది.

అందుచేత కొన్నాళ్లపాటు రాత్రి పన్నెండింటికి పడుకుని, నిద్ర పట్టినా పట్టకపోయినా ఉదయం ఆరింటికి లేవండి. పక్క మీద గడిపిన వేళలో నూటికి 85 పాళ్లు నిద్రలోనే గడిచినట్టు ఒక వారం పాటు తోస్తే, పడుకునే సమయాన్ని పావుగంట ముందుకు, అంటే పదకొండు ముప్పావుకి, జరపండి; అలా వారానికొకసారి జరుపుకుంటూ వెళ్లాలి. పక్క మీద గడిపే వేళను మాత్రం అయిదు గంటలకన్నా తగ్గించకూడదు. నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ బృందం 1987లో వివరించిన ఈ పద్ధతి, నిద్రలేమికి మాత్రలకన్నా ముందు చేయించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సూచించిన, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్సలో ఒక ముఖ్య భాగం. మొదటి రెండు వారాలు పగలు తూగు వస్తుంది కాబట్టి హైవే మీద బండి నడపవద్దు. మూర్ఛ వ్యాధి గానీ, బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) వంటి మానసిక సమస్యలు గానీ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

రెండింటికి మెలకువ వచ్చి, ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే పక్క దిగి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రండి. గడియారం చూడకండి, సెల్‌ఫోన్ అసలే వద్దు, ముఖ్యంగా రొయ్యల రేట్లు చూడటానికి.

ఉదయం లేవగానే ఎండ వెలుగులో నడవండి. మైపాడు తీరం మీకు దగ్గరే. మన జిల్లా వేసవిలో మధ్యాహ్నం కునుకు తీయవద్దనడం అన్యాయమే కానీ, మూడింటిలోపే, అరగంటతో సరిపెట్టుకోండి. టీలోని కెఫీన్‌లో సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం తరువాత టీ మానేయండి. మద్యం త్వరగా నిద్ర పట్టించినా తెల్లవారుజామున లేపుతుంది.

మీ అత్తగారి మాట కాదనక్కరలేదు, చెంచాడు గసగసాలు వంటలో వాడుకునేవే. అయితే వాటిలో నల్లమందు అంశాలు కొద్దిగా ఉండవచ్చు కాబట్టి మోతాదు పెంచకండి, దానితోనే నిద్రలేమి పోతుందని ఆశపడకండి.

ఒక విషయం మాత్రం ముందే తేల్చుకోవాలి. మీరు పెద్దగా గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడుతున్నారా అని ఇంట్లోవాళ్లను అడగండి. అవునంటే, లేదా మూత్రానికే పదేపదే లేవాల్సి వస్తుంటే, పై పద్ధతిని ఆపి ముందు నిద్ర పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి.