హెడ్ దింపించే ముందు రాయాల్సిన మాటలు: యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ, దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలో కారు యజమానికి తెలుగులో చెప్పాలనుకోవడం మంచి పని. భాష తేటగా ఉంది. నా పేచీ ఒక్క వాక్యంతోనే. తెల్లపొగ, ఆయిల్ మూత కింద నురగ, ఇంజిన్ హీటెక్కడం వరసగా చెప్పి, "వీటిలో ఏది కనిపించినా గ్యాస్కెట్ పోయినట్టే" అనేశావు. ఆ మాట నమ్మి ఒకాయన హెడ్ దింపించాడనుకో. గ్యాస్కెట్ ఖరీదుతో పోయేది కాదు. కూలీ, లేత్ పని, కొత్త బోల్టులు, ఆయిల్, కూలెంట్ అన్నీ మీద పడతాయి. తీరా దింపాక గ్యాస్కెట్ బాగానే ఉందని తేలితే ఆ డబ్బు ఎవరిస్తారు? అందుకే ప్రతి లక్షణం పక్కనే, అది ఇంకే కారణంతో రావచ్చో కూడా రాయి.

నురగ సంగతే చూడు. చలికాలంలో రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ బయటికి పోక, చల్లగా ఉండే మూత కింద ఆయిల్‌తో కలిసి తెల్లగా పేరుకుంటుంది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడమని చెప్పు. అక్కడ ఆయిల్ మామూలు రంగులో ఉండి, కూలెంట్ కూడా తగ్గకపోతే, మూత తుడిచి, హైవే మీద కాసేపు నడిపి మళ్లీ చూస్తే చాలు. డిప్‌స్టిక్ మీదే పాలటీ రంగు కనిపిస్తే మాత్రం ఇక స్టార్ట్ చేయొద్దని గట్టిగా రాయి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల్ని కాపాడలేదు. అప్పుడు కూడా తప్పు గ్యాస్కెట్‌దేనని తేల్చేయకు, ఆయిల్ కూలర్ లోపల లీకైనా ఇదే రంగు వస్తుంది.

తెల్లపొగా అంతే. పొద్దున్నే స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలు వచ్చేది ఉత్త నీటి ఆవిరి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తూ, బయట ఎక్కడా చుక్క కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటే అనుమానించాలి. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లోపల లీకైనా ఇలాగే అవుతుంది. ఇక హీటెక్కడానికైతే థర్మోస్టాట్, ఫ్యాను, వాటర్ పంపు, రేడియేటర్ మూత, ఎన్ని లేవు! మన ఊళ్లలో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేస్తారు, ఆ ఉప్పు పేరుకుని రేడియేటర్ పూడుకుపోతుంది. ముందు వీటిని చూడమను.

నీ వ్యాసంలో అసలు లేనిది ఇంకొకటుంది. గ్యాస్కెట్ ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి లక్షణం మారుతుంది. సిలిండర్‌కీ నీటి దారికీ మధ్య తెగితే రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే పై హోసు రాయిలా బిగుసుకుంటుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్ల మధ్య తెగితే పొగా రాదు, కూలెంటూ తగ్గదు. పికప్ పడిపోయి, మిస్సింగ్ మాత్రం ఉంటుంది. ఈ సంగతి తెలియని పాఠకుడు నీ జాబితాతో సరిచూసుకుని, తన గ్యాస్కెట్ భేషుగ్గా ఉందనుకుంటాడు.

పరీక్షల భాగం పెంచు. ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచే కంప్రెషన్ పరీక్షకు ఒక ఉదాహరణ ఇవ్వు: నాలుగు సిలిండర్లలో 170, 95, 90, 165 పీఎస్ఐ వస్తే, నడిమి రెండింటి మధ్య గ్యాస్కెట్ మీదికి అనుమానం పోతుంది. ఆ రెండింటిలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు అంకె బాగా పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో ఉంది, పెరగకపోతే గ్యాస్కెట్‌లోనో వాల్వుల్లోనో ఉంది. అది తేల్చడానికి లీక్‌డౌన్ పరీక్ష ఉంది. పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి, అది ఎటు పోతోందో వినాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. పక్క సిలిండర్ ప్లగ్గు రంధ్రంలోంచి గాలి తన్నితే గ్యాస్కెట్.

సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి వస్తోందో లేదో చూసే నీలి ద్రవం పరీక్షను ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, ద్రవంలోకి కూలెంట్ రాకుండా మట్టం కొంచెం తగ్గించి, గొట్టం పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా రేడియేటర్‌లోని గాలిని ఆ ద్రవంలోంచి లాగాలి. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపవుతుంది. అయితే రంగు మారకపోయినంత మాత్రాన గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు. ఇందాక చెప్పిన రెండు సిలిండర్ల మధ్య లీకును ఈ పరీక్ష పట్టలేదు.

ఇంకో మాట. "వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు" అని పేరా చివర రాశావు. చదువుతూ చదువుతూ పని చేసేవాడు అక్కడికి వచ్చేసరికి మూత తీసేసి, మొహం కాల్చుకుని ఉంటాడు. ఆ హెచ్చరిక మూత ప్రస్తావన కంటే ముందే రావాలి.

చివర్లో, హెడ్ దించాక ఏం అడగాలో కూడా చేర్చు. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెట్టి హెడ్ వంగిందేమో చూశారా? చాలా ఇంజిన్లకు ఆ వంపు హద్దు 0.05 మిల్లీమీటర్ల దగ్గర్లోనే ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. ఒకసారి సాగిన బోల్టుల్నే మళ్లీ బిగిస్తున్నారా? అసలు ఇంజిన్ ఎందుకు హీటెక్కిందో తేల్చారా? పూడుకున్న రేడియేటర్ అలాగే ఉంటే కొత్త గ్యాస్కెట్టూ అదే దారి పడుతుంది.

సవరించి పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ
అన్నయ్య