నాన్న క్యాన్సర్ వైద్యానికి స్థలం అమ్మాలా?

ప్రశ్న: నాన్నకు 71 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులకు పాకింది, ఎముకలకు వెళ్లలేదన్నారు. రేడియేషన్, రెండు మూడేళ్లు హార్మోన్ ఇంజెక్షన్లు, రెండేళ్లు అబిరాటెరోన్ మాత్రలు రాశారు. ఏడేళ్ల నాటి 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 2023లో 8.2 శాతానికి 15 లక్షలు వేశారు. బ్యాంకులో 4 లక్షలు ఉన్నాయి. ఊళ్లో స్థలాన్ని చాలా తక్కువకు అడుగుతున్నారు. అమ్మేయమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే అమ్మకండి. పాకిందనగానే అంతా అయిపోయిందనుకుని ఉన్నదంతా నగదు చేసుకుంటారు. గ్రంథుల దగ్గరే ఆగినప్పుడు ఇలాంటి వైద్యం రోగాన్ని ఏళ్ల తరబడి అదుపులో ఉంచాలనే ఇస్తారు. కాబట్టి మీకు కావలసింది ఒకేసారి పెద్ద మొత్తం కాదు, రెండు మూడేళ్లు ఆగకుండా అందే డబ్బు.

పెద్ద బిల్లు రేడియేషన్‌ది. దానికి బీమా వాడండి. నాన్నగారికి 70 దాటాయి కనుక ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించండి. ఆ వయసువారికి కేంద్రం ఇచ్చే వైద్య కార్డు అది. ఆదాయంతో పని లేదు, ప్రైవేటు బీమా ఉన్నా ఇస్తారు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉచితం. మీ ఆసుపత్రి ఆ కార్డు చెల్లే జాబితాలో ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

అసలు చిక్కు ఆ తర్వాత. ఇంట్లో వేసుకునే మాత్రలకు, ఓపీలో చేసే ఇంజెక్షన్లకు చాలా పాలసీలు కొర్రీలు పెడతాయి. ఇస్తారా లేదా అన్నది కంపెనీని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్లో చెప్పింది రేపు చెల్లదు. ఇవ్వకపోతే స్కీము వడ్డీ ఉంది: మూడు నెలలకు 30,750 రూపాయలు. మూడు నెలలకోసారి చేసే ఇంజెక్షన్ కుదురుతుందేమో డాక్టర్ని అడిగితే ఖర్చూ వడ్డీ ఒకేసారి వస్తాయి. మాత్రల్లో జెనరిక్ రాయమనండి, బ్రాండును బట్టి ధర చాలా మారుతుంది. ఆ వడ్డీతోనే ఇల్లు నడుస్తుంటే ఆ లోటు పిల్లలే పూడ్చాలి, తప్పదు.

అప్పటికీ చాలకపోతే స్కీము మూసేయండి. రెండేళ్లు దాటింది కనుక కోత ఒక శాతం, అంటే 15,000. స్థలం అయినకాడికి ఇస్తే పోయేది ఇంతకంటే ఎక్కువే.

ఇంజెక్షన్ల బదులు వృషణాలు తీసే ఆపరేషన్ చవక అని చుట్టాల్లో ఎవరో అంటారు. రెండూ క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోన్‌ను ఆపేవే, చవకన్నదీ నిజమే. కానీ ఇంజెక్షన్ కొన్నాళ్లకు ఆపొచ్చు, ఆపరేషన్‌కు వెనక్కి దారి లేదు. అది డాక్టరూ నాన్నగారూ తేల్చుకోవాలి, మనం లెక్కలేసి కాదు.

మీరు పాత పన్ను విధానంలో ఉంటే, నాన్నగారి వైద్యానికి మీరు పెట్టిన ఖర్చుకు ఆదాయపు పన్నులో లక్ష వరకు మినహాయింపు (1961 చట్టంలో సెక్షన్ 80డీడీబీ) ఉంది, కానీ బీమా ఇచ్చిన మొత్తాన్ని ఆ మినహాయింపులోంచే తగ్గిస్తారు. క్యాన్సర్ డాక్టరు రాసిన చీటీ, బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి.