నెట్ బాగానే వస్తోంది కదా, రౌటర్ ఎందుకు మార్చాలి?

ప్రశ్న: మా రౌటర్ మోడల్‌లో కమాండ్ ఇంజెక్షన్ లోపం (పరాయివాళ్లు తమ ఆదేశాలను రౌటర్ చేత నడిపించగలిగే లోపం) బయటపడిందని చదివాను. పాత మోడల్ కాబట్టి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇవ్వబోమని తయారీ సంస్థ చెప్పేసింది. నెట్ మాత్రం బాగానే వస్తోంది. వైఫై పాస్‌వర్డ్ గట్టిదే పెట్టాను, బయటి నుంచి రౌటర్ సెట్టింగులు మార్చే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆపేశాను. ఇంకా టెన్షన్ పడాలా?

జవాబు: పడాలి. ఇదే ప్రశ్న మాటల తేడాతో పదే పదే వస్తోంది, అందరూ 'నెట్ బాగానే వస్తోంది' అనే అంటున్నారు. రౌటర్ పరాయివాళ్ల చేతుల్లోకి వెళ్లాక కూడా నెట్ బాగానే వస్తుంది. మీకు అనుమానం రాకుండా ఉండటమే వాళ్లకు కావాలి.

వైఫై పాస్‌వర్డ్‌కీ ఈ లోపానికీ సంబంధం లేదు. రౌటర్ సెట్టింగులుండే అడ్మిన్ పేజీలో, కనెక్షన్ అందుతోందా అని చూసే పింగ్ టెస్ట్ అని ఒక బాక్స్ ఉంటుంది, చూసే ఉంటారు. అందులో ఐపీ అడ్రస్ కొడితే, ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దాన్ని పింగ్ కమాండ్ పక్కన అతికించి లోపలున్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇచ్చేస్తుంది. అడ్రస్ తర్వాత సెమీకోలన్ పెట్టి ఇంకో కమాండ్ రాశారనుకోండి, వచ్చింది అడ్రసేనా అని చూసుకోని ఫర్మ్‌వేర్ రెండోదాన్నీ నడిపేస్తుంది. చాలా రౌటర్లలో ఇదంతా రూట్ అధికారంతో, అంటే ఏదైనా చేయగల పూర్తి అధికారంతో, జరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క లైనుతో బయటి సర్వర్ నుంచి మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) దింపుకోవచ్చు. దీన్ని ఆపడానికి నాలుగు లైన్ల తనిఖీ కోడ్ చాలు. అది కూడా రాయకుండా కొత్త మోడళ్లు అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపడం మంచి పనే, కానీ దారి అదొక్కటే కాదు. 2016 నవంబర్‌లో మిరాయ్ మాల్వేర్ రకం ఒకటి, ఇంటర్నెట్ సంస్థలు తమ నిర్వహణ కోసం తెరిచి ఉంచే 7547 పోర్టు (రౌటర్‌లోకి వెళ్లే నంబరున్న ద్వారం) మీద పడింది. టైమ్ సర్వర్ పేరు ఉండాల్సిన చోట కమాండ్ దూర్చింది. జర్మనీలో డాయిష్ టెలికాం కస్టమర్ల రౌటర్లు ఆ కమాండ్‌కి లొంగలేదు గానీ, ఆ తాకిడికే దాదాపు 9 లక్షలు మొరాయించాయి. ఆ పోర్టు తెరిచి ఉందన్న సంగతి కూడా మామూలు వాడుకదారుకు తెలియదు.

నాకు అన్నిటికంటే గుబులు పుట్టించేది మీ బ్రౌజరే. ఇంట్లో ఎవరో ఒక చెత్త పేజీ తెరుస్తారు. ఆ పేజీలోని స్క్రిప్ట్ మీ బ్రౌజర్ చేతే 192.168.1.1కి, అంటే చాలా ఇళ్లలో రౌటర్ అడ్మిన్ పేజీ ఉండే అడ్రస్‌కి, రిక్వెస్ట్ పంపిస్తుంది. ఇంట్లోంచే వచ్చింది కదా అని రౌటర్ నమ్ముతుంది. లాగిన్ అక్కర్లేని లోపమైతే పని అక్కడితో పూర్తి. లాగిన్ కావాల్సినదైనా, పక్క ట్యాబ్‌లో మీరు అడ్మిన్ పేజీని లాగౌట్ చేయకుండా వదిలేసి ఉంటే చాలు. ఆ తర్వాత డీఎన్ఎస్ (సైటు పేరుకు దాని అడ్రస్ చెప్పే సర్వర్) మార్చేస్తే, ఇంట్లో చాలా ఫోన్లు దాడి చేసినవాడు చెప్పిన అడ్రస్‌కే వెళ్తాయి. లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలను చేరడానికి కొన్ని బ్రౌజర్లు ఇప్పుడు మీ అనుమతి అడుగుతున్నాయి. ఆ బాక్స్ రాగానే చూడకుండా 'అలౌ' నొక్కేవాళ్లను ఆ అడ్డు కూడా కాపాడలేదు.

కాబట్టి రౌటర్ మార్చండి. కొత్తది వచ్చేలోపు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఇంటర్నెట్ కేబుల్ తగిలించకముందే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇలాంటి లోపాల్లో చాలావాటికి లాగిన్ అవసరం, అందుకే ఆ పాస్‌వర్డ్ నిజంగా అడ్డుపడుతుంది. ఇంట్లోని పరికరాలు అడగ్గానే రౌటర్ పోర్టులు తెరిచే యూపీఎన్‌పీ ఆపేయండి, డీఎన్ఎస్ అడ్రస్‌లు మీరు పెట్టినవో, మీ ఇంటర్నెట్ సంస్థవో చూసుకోండి. ఊరికే ఆఫ్ చేసి ఆన్ చేస్తే మెమరీలో ఉండే మాల్వేర్ పోతుంది గానీ లోపం అలాగే ఉంటుంది, మళ్లీ పట్టుకుంటుంది. 2018లో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ అనే రౌటర్ మాల్వేర్ అయితే రీబూట్ చేసినా పూర్తిగా పోలేదు. తయారీదారు ఫర్మ్‌వేర్ బదులు వాడే ఉచిత ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకోవచ్చా అంటే, మీ హార్డ్‌వేర్‌ వాళ్ల జాబితాలో ఉంటే నిక్షేపంగా వేసుకోండి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటికి ఇప్పటి వెర్షన్లు రావు. కొత్త రౌటర్ వెనక పాతదాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై అందించడానికి మాత్రమే, పెట్టుకుంటామంటారు కొందరు. బయటి నుంచి నేరుగా తగలదు గానీ, బ్రౌజర్ దారి తెరిచే ఉంటుంది.

అసలు తప్పు డబ్బా మీదే మొదలవుతుంది. వేగం ఎంతో, యాంటెన్నాలు ఎన్నో పెద్ద అక్షరాల్లో ఉంటాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో ఎక్కడా ఉండదు. మాత్రల షీటు మీద కూడా ఎక్స్‌పైరీ తేదీ వేస్తారే! బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు ప్రకటించడం తప్పనిసరి, కాకపోతే కనీసం ఎన్నేళ్లివ్వాలో ఆ చట్టం చెప్పలేదు. యూరోపియన్ యూనియన్ చట్టం 2027 డిసెంబర్ నుంచి, సాధారణంగా కనీసం ఐదేళ్లు ఇవ్వాలంటోంది. ఇలాంటి చట్టం లేనిచోట తయారీదారు ఇష్టం. కొనేముందు ఆ మోడల్ సపోర్ట్ పేజీలో చివరి ఫర్మ్‌వేర్ ఎప్పుడు వచ్చిందో, అప్‌డేట్లు ఎప్పటివరకని రాశారో వెతకండి. తేదీ కనిపించకపోతే ఆ మోడల్ కొనకండి.