నాన్న మంచాన పడ్డారు, పిన్ని మాట్లాడనివ్వదు: ఏం చేయాలి?

ఫోన్ చేస్తే పిన్నే ఎత్తి "పడుకున్నారు" అని పెట్టేస్తోంది, నాన్నను ఎలా చూసుకోవాలి అని కదా మీ ప్రశ్న.

రాత్రి మూడుసార్లు లేచి ఆయన్ని పక్కకు తిప్పేది ఆవిడే అయితే, మాటలోని ఆ కరుకుదనంలో ఎంత అలసట, ఎంత కోపం అన్నది ఫోన్‌లో తెలియదు. అందుకే "నాన్న ఎలా ఉన్నారు" అని కాకుండా "ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసుకుంటాను, మీరు కాస్త పడుకోండి" అని అడిగి చూడండి. వెళ్లిన రోజు మందుల పేర్లు, మోతాదులు రాసుకోండి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి; పక్క మీది పుండ్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

నాన్నకు తెలివి స్పష్టంగా ఉంటే ఎవరు రావాలి, డాక్టర్ ఎవరితో మాట్లాడాలి అన్నది ఆయన ఇష్టం. పిన్నిది కాదు, మీదీ కాదు. నాన్న ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన్నే అడగండి. ఆ మాట కాగితం మీద పెట్టించాలన్నా మతి సరిగా ఉన్నప్పుడే కుదురుతుంది. ఆస్తి ఊసు మాత్రం ఆరోజు ఎత్తకండి (నేను ఎత్తి చెడగొట్టుకున్నాను).

మందులు ఆపేయడం, బెదిరించడం, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే మాత్రం ఈ మెత్తదనం పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కు చెప్పండి.