ఫ్లూ టీకా వేయించాలా వద్దా అనే ముందు పెట్టె మీద ఏం రాసుందో చూడండి

ప్రశ్న: ఉండేది హైదరాబాద్‌లో. అమ్మకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది. బాబుకు మూడేళ్ళు. ఇద్దరికీ ఫ్లూ టీకా వేయించమని డాక్టర్ అన్నారు. ఒక్కోటి రెండు వేల దాకా అవుతుందట. పోయినేడు వేయించుకున్న పక్కింటాయనకు నెల తిరక్కుండానే జ్వరం వచ్చింది. ఇప్పుడు జూన్ మొదలైంది, వేయించాలా? అమ్మ అక్టోబరులో డల్లాస్ వెళ్తోంది.

ఇద్దరికీ వేయించండి. మీ ఇంటి విషయంలో ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. ఫ్లూ ముదిరి ఆస్పత్రిలో చేరేది ఎక్కువగా 65 దాటినవాళ్ళు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు, ఐదేళ్ళ లోపు పిల్లలు. మీ అమ్మగారు రెండు లెక్కల్లో ఉన్నారు, బాబు ఒక లెక్కలో ఉన్నాడు. పెద్దవాళ్ళలో న్యుమోనియా ఒక్కటే భయం కాదు. 2018లో కెనడాలోని ఆంటారియో రోగుల రికార్డుల మీద వచ్చిన అధ్యయనంలో, ఫ్లూ అని తేలిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోట్లు మిగతా రోజులకంటే ఆరు రెట్లు కనిపించాయి. ఒక్క రోజు ఐసీయూ బిల్లు ముందు రెండు వేలు ఏపాటి?

పక్కింటాయన సంగతి. మన దగ్గర ఒళ్ళు వెచ్చబడితే చాలు అది ‘వైరల్ ఫీవర్’. డెంగీ, జలుబు వైరస్‌లు, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ అన్నీ ఆ ఒక్క పేరులోనే. పరీక్ష చేయించేవాళ్ళు తక్కువ, అజిత్రోమైసిన్ మూడు బిళ్ళలు మింగి తగ్గిందనుకునేవాళ్ళు ఎక్కువ. వైరస్‌కు ఆ మందుకు ఏ సంబంధమూ లేదు, దానంతటదే తగ్గేదాన్ని బిళ్ళ ఖాతాలో వేస్తున్నాం. ఫ్లూ టీకా ఆపేది ఫ్లూనే, అదీ నూటికి నూరు కాదు. టీకాకూ, తిరుగుతున్న వైరస్‌కూ బాగా పోలిక కుదిరిన ఏడాది డాక్టర్ దగ్గరకు పరిగెత్తేంత ఫ్లూను 40 నుంచి 60 శాతం తగ్గిస్తుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. వేయించుకున్నాక వచ్చినా, ఐసీయూ దాకా వెళ్ళే ముప్పు తగ్గుతుంది. ఇంకో మాట, సూది పడిన రోజు నుంచి రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఆ మధ్యలో సోకితే అది టీకా తప్పు కాదు. టీకా వల్లే ఫ్లూ వచ్చిందనడం అసలు కుదరదు, సూదిలో ఉండేది చంపేసిన వైరస్ ముక్కలు.

నన్నడిగితే మన ఊళ్ళల్లో టీకా వృథా అయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి పెట్టె, రెండు ఫ్రిజ్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో పెట్టాల్సిన వైరస్ రకాలు ఎంచుతుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి. పెట్టె మీద ఎన్‌హెచ్ (ఉత్తరార్ధం) అని రెండేళ్ళ సంఖ్యతోనో, ఎస్‌హెచ్ (దక్షిణార్ధం) అని ఒక ఏడాదితోనో ఉంటుంది. మ్యాప్‌లో మనం ఉత్తరార్ధంలోనే ఉన్నాం కాబట్టి ఎన్‌హెచ్ అడగాలనుకుంటారు. వైరస్ మ్యాప్ చూసి రాదు. హైదరాబాద్‌లో ఫ్లూ వానలతో పాటు జులై నుంచి సెప్టెంబరు దాకా ఒకసారి లేస్తుంది, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి. జూన్‌లో మీకు కావాల్సింది ఈ ఏడాది ఎస్‌హెచ్ పెట్టె. ఇప్పుడు ఎన్‌హెచ్ చేతిలో పెడితే అది పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఎంచిన రకాలతో చేసిన పాత సరుకు. ఎక్స్‌పైరీ తేదీ ఇంకా ఉండొచ్చు, అక్కడే మోసపోయేది. మందు చెడిపోలేదు నిజమే, వైరస్ మారిపోయి ఉండొచ్చు. ‘డేట్ ఉంది కదండీ’ అని షాపు కుర్రాడంటే, సీజన్ ఎక్కడ రాసుందో చూపించమనండి.

టీకా నాలుగు వైరస్ రకాలదా, మూడు రకాలదా అని మాత్రం బెంగ వద్దు. బీ యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనబడలేదు, అందుకే దాన్ని తీసేయమన్నారు. మూడు రకాలది చవక రకం కాదు. ‘స్వైన్ ఫ్లూ సూది’ అని వేరే ఏదీ అడగక్కర్లేదు, హెచ్1ఎన్1 ఇందులోనే ఉంటుంది.

ఇక ఫ్రిజ్. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందరూ వేడికి భయపడతారు, దీనికి గడ్డకట్టడం ఇంకా పెద్ద శత్రువు. ఒక్కసారి గడ్డకడితే పారేయాల్సిందే. గడ్డకట్టి కరిగిన సిరంజిని చూసి పట్టుకోవడం కూడా కష్టం. పసిపిల్లలకు వేసే ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్ లాంటి అల్యూమినియం ఉన్న టీకాలైతే ఊపి చూస్తే తేటకు తేట, మడ్డికి మడ్డి విడిపోయి దొరికిపోతాయి. ఫ్లూ టీకాలో అల్యూమినియం లేదు, ఆ పరీక్ష పనికిరాదు. అందుకే మందుల షాపులో కొని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని క్లినిక్‌కు తీసుకెళ్ళే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి, ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు రాసుకునే క్లినిక్‌లోనే కొని అక్కడే వేయించండి. పేషెంట్ ఎదుట ఫ్రిజ్ తీసినప్పుడు తలుపు అరలో, నీళ్ళ సీసాల పక్కన టీకాలు కనబడితే ఇంకో చోటు చూసుకోండి. తలుపు అరలో వేడెక్కుతుంది, వెనక గోడకు ఆనితే గడ్డకడుతుంది.

తప్పనిసరై మీరే మోయాల్సి వస్తే, డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను అలాగే పక్కన పెట్టకండి. బయట ఉంచి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడేదాకా ఆగండి. అప్పుడు టవల్‌లో చుట్టి, టీకా పెట్టెకు తగలకుండా సర్దండి. ఇంటికి తెస్తే మధ్య అరలో, అట్టపెట్టెలోంచి తీయకుండా ఉంచాలి. వెలుతురు కూడా పడదు దానికి.

వేయించే రోజు అమ్మగారికి వదులు చేతుల జాకెట్టు వేసుకోమని చెప్పండి. చిన్న విషయంలా ఉంటుంది. బిగుతు చేతిని పైకి లాగలేక నర్సు భుజం మొదట్లోనే పొడిచేస్తే మందు కీలు సంచిలోకి పోయి నెలల తరబడి చెయ్యి లేవదు. భుజం ఎముక చివర తడిమి, అక్కడి నుంచి రెండు మూడు వేళ్ళ కింద, కండ లావుగా ఉన్నచోట నిటారుగా గుచ్చాలి. డోసు 0.5 ఎంఎల్. వేసేముందు సిరంజిని కాసేపు బయట ఉంచి ఊపుతారు, చల్లటి మందు నొప్పి ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సన్న సూది వాడి, రుద్దకుండా రెండు నిమిషాలు నొక్కి పెడితే చాలు. పావుగంట అక్కడే కూర్చుని రండి. చెయ్యి నొప్పి, కాస్త వెచ్చదనం ఒకటి రెండు రోజులుంటాయి. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాకు వేసే న్యుమోకోకల్ టీకా ఇంకా వేయించకపోతే అదే రోజు రెండో చేతికి వేయించొచ్చు.

బాబుకు మొదటిసారి అయితే ఒక సూదితో అవదు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు తొలి ఏడాది రెండు డోసులు, మధ్య కనీసం నాలుగు వారాలు. చాలామంది రెండోదానికి ఎగనామం పెడతారు, ఆ తర్వాత పనిచేయలేదంటారు. వచ్చే ఏడాది నుంచి ఒకటే. ఇప్పుడొస్తున్న చాలా బ్రాండ్లలో చిన్నపిల్లలకూ 0.5 ఎంఎల్ పూర్తి డోసే. పెట్టెలోని కాగితం అదే చెబుతుంటే, ‘చిన్నోడు కదా, సగం చాలు’ అంటే ఒప్పుకోవద్దు. ‘పెంటావాలెంట్‌లో ఇన్‌ఫ్లుయెంజా అయిపోయింది కదా’ అని కార్డు చూపించే తల్లిదండ్రులూ ఉంటారు. అది హిబ్, అంటే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనే ఒక బ్యాక్టీరియా. 1890ల్లో ఫ్లూకు అదే కారణమని పొరబడి ఆ పేరు పెట్టారు, పొరపాటు తేలినా పేరు ఉండిపోయింది. ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు, అందుకే ఈ చేతి ఖర్చు.

ఇంతకుముందు ఫ్లూ టీకాకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోయినవాళ్ళు, వేయించుకున్న ఆరు వారాల్లోపు గులియన్ బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చినవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోకూడదు. కోడిగుడ్డు పడకపోవడం ఇప్పుడు అడ్డంకి కాదు. జలుబుంటే పర్లేదు, గట్టి జ్వరముంటే తగ్గాక వెళ్ళండి.

డల్లాస్ ప్రయాణానికి ఇప్పటి సూది సరిపోతుందనుకోవద్దు. అక్కడ ఫ్లూ డిసెంబరు, ఫిబ్రవరి మధ్య జోరందుకుంటుంది, జూన్ రక్షణ అప్పటికి పలచబడుతుంది. కొత్త ఎన్‌హెచ్ పెట్టెలు ఇక్కడికి రాగానే, విమానం ఎక్కడానికి కనీసం రెండు వారాల ముందు ఇంకోటి వేయించండి. అమెరికాలో 65 దాటినవాళ్ళకు హై డోస్ లాంటి ఎక్కువ శక్తి ఉన్న టీకాలు ఇస్తారు, అవి మెరుగే. కానీ విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు టీకాల ఖర్చు భరించవు. అక్కడివాళ్ళను ముందే ఫార్మసీకి ఫోన్ చేసి ధర కనుక్కోమనండి. భరించగలిగిన ధరైతే ఇక్కడ ఆ రెండో సూది మానేసి, దిగిన వారంలోనే అక్కడ వేయించండి.